ఏ జీవి మాంసమో అడిగే హక్కు మనది



మన హైదరాబాద్ కృష్ణానగర్ గల్లీల్లో పొయ్యి లేని గదులు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. తెల్లవారకముందే షూటింగ్ కాల్ టైమ్. లైట్‌మన్ అయినా, జూనియర్ ఆర్టిస్టు అయినా, కథ చేతబట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే అసిస్టెంట్ డైరెక్టర్ అయినా పొద్దున గదికి తాళం వేస్తే మళ్లీ తీసేది రాత్రికే. బండి మీద టిఫిన్, మధ్యాహ్నం ప్రొడక్షన్ భోజనం, రాత్రి కర్రీ పాయింట్‌లో కవర్లో కట్టించుకున్న కూర. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకోవడానికి వచ్చి హాస్టల్లో దిగిన పిల్లలదీ ఇదే బతుకు. మనం తినే ముద్దలో ఎక్కువ భాగం మన కళ్లముందు కోసింది కాదు, మన చేత్తో కడిగింది కాదు. ఎవరో కొన్నారు, ఎవరో కోశారు, ఇంకెవరో వండారు. మనం నమ్మి తిన్నాం.

ఆ నమ్మకం గురించే ఈ మాటలు. దాన్ని కాపాడుకోవడం ఏ ఒక్కరి వల్లా అయ్యే పని కాదు. కాలనీ అంతా కలిసి పూనుకోవాలి.

తొడ ముక్క ముందుంటే అనుభవమున్న కసాయి అది పొట్టేలుదో మేకదో ఇట్టే చెబుతాడు. ఎముక చూస్తాడు, కొవ్వు చూస్తాడు, కండ నార చూస్తాడు. అదే ముక్క ఖీమా అయితే? మసాలా పట్టించి కబాబ్ చేస్తే? ఎముక తీసేసి, పిండిలో ముంచి, ఎర్రగా వేయించి తెస్తే? అప్పుడు ఎంత అనుభవమున్నా కన్ను పనిచేయదు. చేపల సంగతి మరీ కష్టం. కొర్రమట్ట మన తెలంగాణ రాష్ట్ర చేప. దాని ధర ఎక్కడ, చెరువుల్లో పెంచి బాసా పేరుతో అమ్మే పంగాసియస్ ధర ఎక్కడ! చర్మం, ముల్లు తీసేసి అపోలో ఫిష్ వేయించాక రెండింటినీ నాలుకతో వేరు చేయడం చాలామందికి సాధ్యం కాదు.

ఇది జేబుకు పడే చిల్లు. దీనికన్నా లోతుగా తగిలేది మరొకటి ఉంది. ముస్లిం సోదరుడు పంది మాంసం ముట్టడు. హిందువుల్లో చాలామంది గోమాంసం ముట్టరు. పూర్తిగా శాకాహారంతో బతికేవాళ్లున్నారు. రొయ్య పడనివాళ్లకైతే అది ప్రాణం మీదికే రావచ్చు. ఎవరు ఏది తింటారు, ఏది తినరు అన్నది వాళ్ల ఇష్టం, వాళ్ల ధర్మం. తిననన్నదాన్ని పేరు మార్చి తినిపించడం మనిషి మర్యాద మీద దెబ్బ. ఒకే గదిలో నలుగురు నాలుగు ఊళ్ల నుంచి, నాలుగు కులాల నుంచి, నాలుగు మతాల నుంచి వచ్చి పక్కపక్కన చాపలు పరుచుకునే కృష్ణానగర్‌లో ఈ మర్యాద విలువ మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇలాంటి మోసం బీదదేశాల్లోనే జరుగుతుందనుకుంటే పొరపాటు. 2013 జనవరిలో ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ దుకాణాల్లో అమ్మే 27 రకాల బీఫ్ బర్గర్లను పరీక్షించింది. పదింటిలో గుర్రం డీఎన్‌ఏ, ఇరవై మూడింటిలో పంది డీఎన్‌ఏ బయటపడ్డాయి. టెస్కో అమ్మిన ఒక బర్గర్‌లో గుర్రం పాలు బీఫ్‌తో పోలిస్తే 29 శాతం ఉంది. ప్యాకెట్ల మీద అందమైన అక్షరాలున్నాయి, చల్లటి అద్దాల బీరువాలున్నాయి, కంప్యూటర్ బిల్లులున్నాయి. అవేవీ అబద్ధాన్ని ఆపలేదు. ఒక చిన్న దేశపు సంస్థ ఎవరూ అడగకుండానే అడిగింది కాబట్టి యూరప్ మొత్తం కళ్లు తెరిచింది. ఆ అడగడాన్ని మనం ఇక్కడ అలవాటు చేసుకోవాలి.

అడిగితే జవాబు చెప్పగల శాస్త్రం కోసం మనం విమానం ఎక్కనవసరం లేదు. అది మన నగరంలోనే ఉంది. హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఎస్.కె. వర్మ, లాల్జీ సింగ్ 2003లో ఒక పరిశోధన ప్రచురించారు. ప్రతి జంతువు కణంలోనూ మైటోకాండ్రియా అనే భాగాలున్నాయి, వాటికి సొంత డీఎన్‌ఏ ఉంది. అందులో సైటోక్రోమ్ బి అనే జన్యువులో ఒక ముక్క కొసలు చాలా జంతువుల్లో ఇంచుమించు ఒకేలా ఉంటాయి, మధ్య భాగం మాత్రం జాతికో తీరుగా మారిపోతుంది. ఒకేలా ఉన్న చోట అతుక్కునే రెండు చిన్న డీఎన్‌ఏ ముక్కలను వాళ్లు రూపొందించారు. వాటితో దాదాపు ఏ జంతువు మాంసమైనా సరే, మధ్య భాగాన్ని కోట్ల ప్రతులుగా పెంచి చదవొచ్చు. ముందుగా అది ఏ జంతువై ఉంటుందో ఊహించాల్సిన పని లేదు. వేటగాళ్ల దగ్గర దొరికిన మాంసం జింకదా, మేకదా అని కోర్టులో తేల్చడానికి పుట్టిన పద్ధతి ఇది. అడవి జంతువుల కోసం పుట్టినది అన్నం తినే మనిషికి ఎందుకు పనికిరాదు? లాల్జీ సింగ్ 2017 డిసెంబరులో కన్నుమూశారు. ఆయన మిగిల్చిన విద్యను గల్లీదాకా తేవడం మన వంతు.

వండితే డీఎన్‌ఏ నాశనం కాదా అని ఎవరైనా అడుగుతారు. మంచి ప్రశ్న. ఉడికితే పొడవాటి పోగులు తెగిపోతాయి. కానీ ఒక్కో కణంలో మైటోకాండ్రియా డీఎన్‌ఏ ప్రతులు వందల్లో, వేలల్లో ఉంటాయి. ఎంత ఉడికినా చిన్న చిన్న ముక్కలు మిగులుతాయి, జాతిని చెప్పడానికి ఆ చిన్న ముక్కలు చాలు. డీఎన్‌ఏ ప్రతులను పెంచే పీసీఆర్ యంత్రంలో ప్రతి చుట్టుకూ అవి రెండింతలవుతాయి. ముప్పై చుట్లు తిరిగితే ఒక్క ముక్క వంద కోట్లు దాటుతుంది. బిరియానీ మసాలాలోని కొన్ని పదార్థాలు ఈ పనిని అడ్డుకుంటాయి, అందుకే ముందు డీఎన్‌ఏను శుభ్రంగా విడదీయాలి. శ్రమే, అయినా ప్రయోగశాలల్లో రోజూ చేస్తున్న పనే.

డీఎన్‌ఏ సెన్సర్ ఈ పనిని ప్రయోగశాల గదిలోంచి చేతిలో పట్టే పరికరంలోకి దించుతుంది. డీఎన్‌ఏ నాలుగు అక్షరాల భాష. ఏ తో టీ, జీ తో సీ మాత్రమే జతపడతాయి. పందికి మాత్రమే చెందిన ఓ ఇరవై, ముప్పై అక్షరాల వరసను ఎంచుకుని, దానికి జోడీ వరసను సన్నటి బంగారు పూత మీద అంటిస్తారు. మాంసం నుంచి తీసిన ద్రవాన్ని దాని మీద వేస్తే, అందులో పంది డీఎన్‌ఏ ఉంటే జత కుదురుతుంది, కరెంటు ప్రవాహం మారుతుంది, పరికరం చూపిస్తుంది. లేదంటే ఏమీ జరగదు. బంగారు నానో కణాలు కట్టిన కాగితపు పట్టీల మీద ఎర్ర గీత వచ్చే తీరులోనూ చేస్తున్నారు. కోవిడ్ రోజుల్లో ఇంట్లో వాడిన పట్టీల సూత్రమే అది. పీసీఆర్ యంత్రం వేడి పెంచుతూ తగ్గిస్తూ తిరగాలి. 2000లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన ల్యాంప్ పద్ధతికి ఆ గొడవ లేదు, అరవై, అరవై అయిదు డిగ్రీల ఒకే వేడి మీద గంట లోపల డీఎన్‌ఏ పెరుగుతుంది. ఇవన్నీ ఒక పెట్టెలో పెట్టి తనిఖీ అధికారి చేతికి ఇవ్వగలిగితే, మార్కెట్లోనే ఆ పూటే సమాధానం దొరుకుతుంది.

ఇప్పుడు మెట్రో బ్లూ లైన్ పటం ఒకసారి తలచుకోండి. యూసుఫ్‌గూడలో ఎక్కితే బండి మారకుండా అమీర్‌పేట దాటి తార్నాకలో దిగొచ్చు, అక్కడ జాతీయ పోషకాహార సంస్థ. తర్వాతి స్టేషన్ హబ్సిగూడ, అక్కడ సీసీఎంబీ. దానికి పక్కనే నాచారంలో రాష్ట్ర ఆహార ప్రయోగశాల. ఉప్పల్‌లో డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం సీడీఎఫ్‌డీ. ఉప్పల్ దాటి బోడుప్పల్ వైపు వెళితే చెంగిచెర్లలో కేంద్ర ప్రభుత్వ మాంస పరిశోధన సంస్థ. 1999లో మొదలైన ఆ సంస్థలో మాంసం ఏ జంతువుదో తేల్చడానికే ప్రత్యేకమైన ప్రయోగశాల ఉంది. దేశంలో ఇంకే నగరానికి ఇంత సంపద ఇంత దగ్గరగా ఉందో నేను చెప్పలేను. మన కర్రీ పాయింట్ ఆ రైలు మార్గానికి ఒక కొసన, ఆ జ్ఞానం రెండో కొసన. ఈ రెంటినీ కలపడానికి కావలసింది మన ఐకమత్యం, కాస్త ఓపిక.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. దయచేసి జాగ్రత్తగా వినండి.

2016 డిసెంబరులో మన నగరంలోనే ఒక పేరున్న బిరియానీ హోటల్లో కుక్కమాంసం వండుతున్నారని వాట్సాప్‌లో ఫొటోలు తిరిగాయి. పోలీసులు విచారించి అది కట్టుకథ అని తేల్చి ఒక విద్యార్థిని అరెస్టు చేశారు. ఆ కట్టుకథను నమ్మి ఇంకో పదిమందికి పంపిన వేళ్లు ఎన్నో, వాటి వల్ల పొట్టకూడు పోగొట్టుకున్న వంటవాళ్లు, బల్లలు తుడిచే కుర్రాళ్లు ఎందరో ఆలోచించండి. దానికన్నా భయంకరమైనది అంతకుముందు ఏడాది జరిగింది. 2015 సెప్టెంబరు 28 రాత్రి ఉత్తరప్రదేశ్‌లోని దాద్రీ దగ్గర బిసాడా ఊళ్లో, ఇంట్లో గోమాంసం ఉందన్న ప్రచారం మీద జనం మహమ్మద్ అఖ్లాక్‌ను కొట్టి చంపారు. మాంసం పరీక్షకు వెళ్లింది ఆ తర్వాత. ఒక నివేదిక ఒకటి చెప్పింది, తర్వాత వచ్చినది ఇంకొకటి చెప్పింది. ఏది నిజమైనా ఆ మనిషి తిరిగి రాడు, ఏ నివేదికా ఒక మనిషిని చంపడానికి అనుమతి కాదు.

కాబట్టి కృష్ణానగర్‌లో మనం మొదట పెట్టుకోవలసిన కట్టుబాటు ఇది. పరీక్ష మనం డబ్బిచ్చి కొనే తిండికే. ఎవరి ఇంటి గిన్నె మూతా మనం తీయం. ఎవరి టిఫిన్ డబ్బా గురించీ మాట్లాడం. నివేదిక చేతిలో లేనిదే ఏ దుకాణం పేరూ ఫోన్లో రాయం, ఎవరైనా పంపినా మన దగ్గరే ఆపేస్తాం. ఈ కట్టుబాటు తప్పితే ఈ ఉద్యమమే వద్దు. సెన్సర్ చేతికి రాకముందే చేతులకు క్రమశిక్షణ రావాలి.

నివేదిక వచ్చినా దాన్ని చదవడం నేర్చుకోవాలి. 2024లో తిరుమల శ్రీవారి లడ్డూ నెయ్యిలో పరాయి కొవ్వు కలిసిందన్న వివాదం రేగినప్పుడు ఎక్కడున్న తెలుగువాడి మనసైనా కలుక్కుమంది. గుజరాత్‌లోని ఆనంద్‌లో ఉన్న జాతీయ పాడి అభివృద్ధి బోర్డు (ఎన్‌డీడీబీ) ప్రయోగశాల కాగితం పట్టుకుని టీవీల్లో రోజుల తరబడి అరుచుకున్నారు. ఆ పరీక్ష కొలిచింది కొవ్వులోని ట్రైగ్లిజరైడ్ల పాళ్లను. పాళ్లు తప్పితే పరాయి కొవ్వు కలిసిందని అనుమానించాలి. అయితే ఆవుకు పెట్టిన మేతను బట్టి, దాని ఆరోగ్యాన్ని బట్టి కూడా పాళ్లు తప్పవచ్చని అదే కాగితంలో హెచ్చరిక ఉంది. అరుపుల్లో ఆ హెచ్చరికను పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2024 అక్టోబరు 4న సుప్రీంకోర్టు స్వతంత్ర దర్యాప్తు బృందాన్ని వేయవలసి వచ్చింది. డీఎన్‌ఏ పరీక్షకూ ఇలాంటి హద్దులున్నాయి. కాచి వడగట్టిన కొవ్వులో డీఎన్‌ఏ దాదాపు మిగలదు కాబట్టి నెయ్యి దగ్గర అది బలహీనం. మాంసం దగ్గర అది ఎంత సున్నితమంటే, ఒకే మొద్దు మీద ఒకే కత్తితో రెండు రకాలు కొట్టినా ఒకదాని జాడ ఇంకోదాంట్లో కనిపిస్తుంది. అందుకే యూరప్‌లో గుర్రం గొడవ తర్వాత ఒక శాతాన్ని గీతగా పెట్టుకున్నారు. దానికి పైన ఉంటే కావాలని కలిపారేమో చూడాలి, కింద ఉంటే మొద్దు కడగలేదని గద్దించాలి. మోసానికీ మురికికీ శిక్ష ఒకటే అయితే అది న్యాయం కాదు.

ఇంకో హద్దు కూడా గుర్తుంచుకోవాలి. 2024 అక్టోబరులో మన పక్కనే బంజారాహిల్స్‌లో మోమోలు తిని ఒక తల్లి ప్రాణం పోయింది, ఎంతోమంది ఆస్పత్రి పాలయ్యారు. ఆ నెల 30న ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను నిషేధించింది. అక్కడ ఏ డీఎన్‌ఏ సెన్సరూ ఆమెను కాపాడేది కాదు. మాంసం ఏ జీవిదో చెప్పే పరికరం అది తాజాదో కాదో చెప్పదు, కడిగారో లేదో చెప్పదు. ఐస్ పెట్టె, శుభ్రమైన నీళ్లు, చేతికి సబ్బు వీటి కోసం పోరాటం దీనితో పాటే సాగాలి.

చట్టం మన పక్షాన ఉంది, మనమే దాన్ని వాడుకోవడం లేదు. ఆహార భద్రతా ప్రమాణాల చట్టం 2006లో వచ్చి, 2011 ఆగస్టు 5 నుంచి అమలవుతోంది. అందులో 40వ సెక్షన్ మామూలు కొనుగోలుదారుడి కోసమే ఉంది. మీరు కొనేటప్పుడే దుకాణదారుడికి దీన్ని పరీక్షకు పంపుతున్నానని చెప్పాలి, రుసుం కట్టాలి, ఫుడ్ అనలిస్టు నుంచి నివేదిక తీసుకోవచ్చు. తప్పు తేలితే మీరు కట్టిన డబ్బు మీకు తిరిగొస్తుంది. అడిగినది ఒకటైతే ఇంకొకటి ఇచ్చినవారికి 50వ సెక్షన్ కింద అయిదు లక్షల దాకా జరిమానా వేయొచ్చు. బండి పెట్టుకున్న చిన్నవాళ్లకు ఆ పైకప్పు 25 వేలు. నివేదిక తప్పనుకుంటే అప్పీలు చేసుకునే హక్కు అమ్మినవాడికీ ఉంది, అది ఉండాలి కూడా. 2022 జనవరి నుంచి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే లైసెన్స్ నంబరు బిల్లు మీద ఉండి తీరాలి, పద్నాలుగు అంకెలు. మనలో ఎందరం ఆ అంకెల కోసం చూశాం?

ఒక్కడు రుసుం కట్టాలంటే భారం. రోజు బేటా మీద బతికే మనిషి పరీక్షకు డబ్బు ఎక్కడి నుంచి తెస్తాడు? అందుకే కలిసి కట్టాలంటున్నాను. ఒక గల్లీలోని గదులన్నీ తలా పది రూపాయలు వేసుకుంటే నమూనాకు దారి దొరుకుతుంది. ఒక హాస్టల్ వార్డెన్ నెలకోసారి తన మాంసం కొట్టు నుంచి ముక్క పంపుతానని పిల్లల ముందు ఒప్పుకుంటే ఆ ఒప్పందమే సగం కాపలా. ప్రొడక్షన్ మేనేజర్లకు చేతులెత్తి మొక్కుతున్నాను: వందమంది కార్మికులకు భోజనం పెట్టే ఒక్క క్యాటరింగ్ కాంట్రాక్టులో, ఏ కొట్టు నుంచి మాంసం వస్తుందో రాయాలి, ఎప్పుడడిగినా నమూనా ఇవ్వాలి అని రెండు వాక్యాలు కలపండి. తెర మీద న్యాయం కోసం డైలాగులు రాసే రచయితలున్న పేట ఇది, ఆ రెండు వాక్యాలు రాయడానికి కలం కరువు లేదు. ఇరవై నాలుగు క్రాఫ్టుల సంఘాలు జీతాల గురించి ఎలా కూర్చుని మాట్లాడతాయో, పళ్లెం గురించీ అలాగే కూర్చుని మాట్లాడాలి.

కసాయి అన్నలారా, మెస్ నడిపే అక్కలారా, ఇది మీ మీద యుద్ధం కాదు. నిజాయితీగా పొట్టేలు కోసి, నిజాయితీగా తూచే మనిషి, పక్క వీధిలో చౌక ఖీమా అమ్మేవాడితో ధరలో పోటీ పడలేక నష్టపోతున్నాడు. పరీక్ష వస్తే నిలబడేది అతనే. దేశంలో గొర్రెలు అందరికన్నా ఎక్కువ ఉన్న రాష్ట్రం మనది, 2019 పశుగణనలో కోటీ తొంభై లక్షలు దాటాయి. ఆ మంద వెనక నడిచే గొల్లకురుమల కష్టానికి ధర రావాలంటే పొట్టేలు పేరు మీద ఇంకేదీ అమ్ముడుపోకూడదు. మీ కొట్లో మీరే ఒక పలక పెట్టండి: ఇక్కడ అమ్మేది పొట్టేలా, మేకా, ఎక్కడ కోసింది, కబేళా ముద్ర ఉందా. ఎవరూ అడగకముందే రాయండి.

జీవశాస్త్రం చదివి ఉద్యోగం కోసం ఈ వీధుల్లో తిరుగుతున్న పిల్లలు ఎందరో ఉన్నారు. మీ చదువు అవసరం ఇప్పుడు కాలనీకి వచ్చింది. నమూనా ఎలా తీయాలి, శుభ్రమైన సంచిలో ఎలా మూయాలి, ఐస్‌లో ఎలా ఉంచాలి, పేరూ తేదీ సమయం ఎలా రాయాలి మాకు నేర్పండి. నివేదిక వస్తే తెలుగులో చదివి వినిపించండి. ప్రభుత్వానికి రాసే విన్నపం మీరే రాయండి: తనిఖీకి తిరిగే మొబైల్ ల్యాబ్ వాహనాల్లో మాంసం జాతిని గుర్తించే డీఎన్‌ఏ పరికరం కూడా పెట్టాలని, హబ్సిగూడ, చెంగిచెర్ల శాస్త్రవేత్తలు దాన్ని మన వంటల మీద, మన మసాలాల మీద పరీక్షించి సరిచూడాలని, ఫలితాలు వార్డు ఆఫీసు గోడ మీద తెలుగులో, ఉర్దూలో అంటించాలని. సంతకాలు మేం పెడతాం. సంతకం రానివాళ్లం వేలిముద్ర పెడతాం.

వచ్చే ఆదివారం పొద్దున మాంసం కొట్ల దగ్గర జనం నిలబడతారు కదా, అక్కడే మొదలుపెడదాం. ప్రతి ఒక్కరం రసీదు అడుగుదాం: జంతువు పేరు, బరువు, ధర, తేదీ, లైసెన్స్ నంబరు. మర్యాదగా అడుగుదాం, నవ్వుతూ అడుగుదాం, ఇచ్చేదాకా నిలబడదాం. రసీదు పుస్తకం లేని చిన్న కొట్టుకు మొదటి పుస్తకం మన గల్లీ చందాతో కొనిద్దాం.